నోట్లో నీళ్ళు పోసుకుని నేర్చిన చదువు

పోయిన నెల మా మనవరాలు తను పనిచేసే యూనివర్సిటీకి నన్ను వెంటబెట్టుకుపోయింది. ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు వయసు మీదపడ్డాక కూడా కొత్త విద్యలు ఎలా నేర్చుకోవాలి, అందుకు యూనివర్సిటీలు ఏం చేయాలి అని అక్కడొక సభ. ఎనభై దాటినదాన్ని, నాకు ఆ సభతో పనేముంది? మధ్యాహ్నం భోజనం బాగుంటుందని ఆశపెట్టింది, వెళ్ళాను. వేదిక మీద ఒక కుర్రవాడు గోడ మీద బొమ్మలు చూపిస్తూ చక్కగానే మాట్లాడాడు. మధ్యలో ఆగి, "నలభై దాటాక కొత్త విద్య నేర్చుకున్నవాళ్ళుంటే చెయ్యెత్తండి" అన్నాడు. నా చెయ్యి దానంతటదే లేచింది. మైకు నా దగ్గరికి పంపించి, "ఏం నేర్చుకున్నారమ్మా?" అని అడిగాడు. "నేను కాదు బాబూ, మా నాయన. నోరు మూసుకోవడం నేర్చుకున్నాడు" అన్నాను. హాలంతా గొల్లుమంది. మనవరాలు నా కొంగు లాగి కూర్చోబెట్టింది. మిగతాది చెప్పనిచ్చే ఓపిక వాళ్ళకు లేకపోయింది కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

మాది జమ్మలమడుగు. నాయన పురోహితుడు. ఆయన చదువంతా చెవితో విని నోటితో పట్టింది. ఏడో ఏట వాళ్ళ తాత ఎదుట కూర్చుని, ఆయన ఒకసారి చెబితే తాను రెండుసార్లు చెప్పి, అలా పదేళ్ళు సాగిన చదువు. మంత్రాలే కాదు, తెలుగు కావ్యాలు కూడా ఆశ్వాసాలకు ఆశ్వాసాలు అలాగే వచ్చాయి ఆయనకు. మా ఇంట్లో పుస్తకమంటే పసుపు కుంకుమ పెట్టి పూజలో ఉంచే వస్తువు, అంతకుమించి దానితో అవసరం పడేది కాదు. దీనివల్ల ఒక్క చిక్కుండేది. అక్షరం కంటపడితే నాయన నోరు ఊరుకోదు. బస్సు మీద రాసినా, గోడ మీద రాసినా రాగం తీసి చదవాల్సిందే. అమ్మకు జబ్బు చేసి మిషను ఆసుపత్రిలో ఉన్నప్పుడు మందుసీసా మీది కాగితాన్ని కూడా గొంతెత్తి చదివితే, నర్సమ్మ వచ్చి బయటికి పంపించింది. మాకొచ్చిన కార్డులైతే పోస్టుమాను చేతిలోంచి అందుకుని వీధిలోనే చదివేవాడు. ఇంక మా ఇంట రహస్యమేముంటుంది?

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో ఊరూరా హైస్కూళ్ళు పెరిగాయి, తెలుగు చెప్పే పండితులు మాత్రం దొరకలేదు. పులివెందుల హైస్కూలు హెడ్మాస్టరు ఒక పెళ్ళిలో నాయన పద్యం విని, మా బడికి రండి అని పట్టుకున్నాడు. అయితే అది తాత్కాలికం. రెండేళ్ళలో యూనివర్సిటీ వాళ్ళ విద్వాన్ పరీక్ష ప్రైవేటుగా రాసి గట్టెక్కితే ఉద్యోగం ఖాయం, లేకపోతే పరీక్ష పాసైన ఇంకో మనిషి వస్తాడు. నాయన వెనకాముందూ చూడకుండా తన పురోహితం ఇళ్ళన్నీ మా చిన్నాయనకు అప్పజెప్పేసి, మమ్మల్ని వెంటబెట్టుకుని పులివెందులకు కాపురం వచ్చేశాడు. ఒకసారి ఇచ్చిన ఇళ్ళు మళ్ళీ ఎలా అడుగుతాడు? పైగా జమ్మలమడుగులో అందరికీ ఆయన "సామి". పులివెందుల బడిలో పిల్లలు మొదటిరోజే "అయివారూ" అని, పంతులుని పిలిచినట్టు పిలిచారు. ఇంటికొచ్చి అమ్మతో, "ఈ పొద్దు నలభైమంది నన్ను అయివారూ అన్న్యారు" అని చెప్పాడు. "కూర్చుని లెక్కబెట్టినారా?" అంది అమ్మ. నలభై మూడేళ్ళ మనిషి ఆ ఒక్క పిలుపుకు ఎలా పొంగిపోయాడో నేను చూశాను. ఆ పిలుపు నిలవాలంటే పరీక్ష గట్టెక్కాలి.

మొదటిసారి పరీక్ష ప్రొద్దుటూరులో రాశాడు. ఆయనతోపాటు ఇంకో పెద్దమనిషి కూడా రాశాడు, ప్రొద్దుటూరులో గుడ్డల అంగడి ఉన్న శెట్టి గారు. ఆ ఇంట్లో శుభకార్యాలన్నీ నాయనే జరిపించేవాడు. ఆయన్ను నేను మామా అనేదాన్ని. గుడ్డలు కొలిచే చేత్తోనే పద్యాలు రాసుకునే సరదా ఉండి, ఉద్యోగంతో పనిలేకపోయినా పరీక్షకు కూర్చున్నాడు. లోపల ఏం జరిగిందో ఆయన చెబితేనే మాకు తెలిసింది.

"ఏం జెప్పమంటావు తల్లీ! పద్యంలో నడిమి పాదం ఒకటిచ్చి, ఎవరు ఎవరితో అన్న్యారో రాయమన్న్యారు. మీ నాయన ఆశ్వాసం మొదట్నించి ఎత్తుకున్యాడు. ముందు గొణుగుతాండె, ఆపైన రాగం. కాపలా ఉన్న ఆయప్ప వచ్చి, సామీ, ఈడ పాడగూడదు అన్న్యాడు. సరేనని తలూపినాడు. నడమ ఆపితే మళ్ళా మొదటికే రావల్ల గదా! మూడుతూర్లు ఆపినారు, మూడుతూర్లు మొదట్నించే. ఈలోపల గంట కొట్టినారు. వెనక కూర్చున్నోళ్ళు మాత్రం మీ నాయన చెప్పేది విని బాగా రాసుకున్యారు." తల గోక్కుని, "అబద్ధమెందుకు, నేనూ రెండు జవాబులు రాసుకున్యా" అన్నాడు.

మామ పాసయ్యాడు. నాయన తప్పాడు. ఆ సంగతి మామ కార్డు రాస్తే, నాయన అలవాటు కొద్దీ వీధిలో నిలబడి గొంతెత్తి చదివేశాడు. తప్పిన సంగతి ఊరికి ఆయనే చాటినట్టయింది. ఇంట్లోకి వచ్చి రెండు పూటలు అన్నం ముట్టలేదు. హెడ్మాస్టరు మంచివాడే, కానీ, "వచ్చే ఏడు గూడా తప్పితే నా చేతుల్లో లేదు సామీ" అని తేల్చేశాడు.

అదే కార్డులో కింద ఇంకో మాట ఉంది. మన సీమకు కొత్తగా వచ్చిన యూనివర్సిటీ వాళ్ళు, ఉద్యోగాల్లో ఉండి పరీక్ష రాసే పండితుల కోసం వేసవి సెలవుల్లో ప్రొద్దుటూరులో నెల్లాళ్ళు తరగతులు నడుపుతారట. నాయన పోనన్నాడు. చెప్పేది ఎవరో ఇరవై ఎనిమిదేళ్ళ లెక్చరరట. "నేను ఒడుగు చేయించి జంధ్యం వేసిన పిల్లోళ్ళు అంతకన్నా పెద్దోళ్ళు" అన్నాడు. అమ్మ మారుమాట్లాడకుండా సంచీలో పంచెలు సర్ది, సంచీ తెచ్చి గడప అవతల పెట్టింది. నాయన పోయాడు.

మొదటిరోజే ఆ లెక్చరరు ఒక పద్యం నడిమి నుంచి అడిగాడు. నాయన లేచి ఆశ్వాసం మొదటి నుంచి అందుకున్నాడు. తక్కిన పండితులు నవ్వారు. లెక్చరరు వాళ్ళను ఊరుకోబెట్టి, తాను పోయి పిల్లలు కూర్చునే బెంచీ మీద కూర్చుని, గంటసేపు కదలకుండా విన్నాడట. అయ్యాక దగ్గరికి వచ్చి, "మీకు వచ్చింది మా యూనివర్సిటీలో ఎవరికీ రాదండీ. మాకు తెలిసిన చిన్న కిటుకొకటి మీకు రావాలి, అంతే. మీ పద్యాలన్నీ ఒకే దారానికి గుచ్చి ఉన్నాయి. ఏ పూసకు ఆ పూస తీసుకోవడం నేర్చుకుందాం" అన్నాడు. ప్రతి పద్యానికీ మొదటి మాట ఒక చీటీ మీద రాయించి, చీటీలన్నీ కలిపేసి, చేతికి వచ్చింది తీసి అక్కణ్ణించే మొదలుపెట్టమనేవాడు. సాయంత్రాలు మాత్రం తిరగేసి, ఆ లెక్చరరే నాయన ఎదుట మఠం వేసుకుని, ఒకసారి వింటే రెండుసార్లు చెబుతూ, పాత పద్ధతిలో ఒక ఆశ్వాసం నేర్చుకున్నాడు. నాయన ఈ మాట పదేపదే చెప్పుకునేవాడు. తన చదువును చదువని ఒక యూనివర్సిటీ ఒప్పుకున్నదని ఆయనకు మొదటిసారి అనిపించింది మరి.

నెల తర్వాత గుడ్డసంచీ నిండా చీటీలతో పులివెందులకు దిగాడు. పొద్దున్నే బడికి పోయేముందు అరుగు మీద కూర్చుని చీటీ తీసేది నేను, జవాబు రాసేది నాయన. నడిమి నుంచి మొదలుపెట్టడం వచ్చింది. నోరు మాత్రం ఊరుకోదు. రాస్తున్నంతసేపూ గొణుగుడు, గొణుగుడు కాస్తా రాగం. అమ్మ వాకిట్లో ముగ్గు వేస్తూ వారం రోజులు విని, చెంబు తెచ్చి ముందర పెట్టింది. "నోట్లో నీళ్ళు పోసుకుని రాయండి. పాడితే కారిపోతాయి గదా, తెలిసొస్తుంది. ఒక్క పుక్కిలి మాత్రమే, నీళ్ళు మోసేది నేను" అంది.

నవ్వకండి, అదే పనిచేసింది. మొదట్లో ప్రతి కాగితమూ తడిసేది. ఒకనాడు నేను చీటీ తీసి కావాలనే ఆయన రాగాన్నే అనుకరిస్తూ చదివాను. నాయన ఫక్కున నవ్వాడు, నీళ్ళన్నీ నా మీదా జవాబు మీదా పడ్డాయి. అమ్మ ఇద్దర్నీ తిట్టింది. మా వీధిలో వాళ్ళు, "ఏంది సామీ, పల్లు నొప్పా?" అని అడిగి పోయేవాళ్ళు. ఆయన బుగ్గలు పూరించుకుని తలూపేవాడు. చలికాలం వచ్చేసరికి కాగితాలు పొడిగా ఉండడం మొదలైంది. నెమ్మదిగా నీళ్ళ అవసరం పోయి, నోరు ఊరుకోవడానికి బుగ్గన ఒక లవంగం చాలింది.

రెండోసారి పరీక్షకు మామ కూడా వచ్చాడు, పాసైన మనిషి అయినా. పోయినేడు విని రాసుకున్న రెండు జవాబులు ఆయన్ను కుదురుగా కూర్చోనివ్వలేదనుకుంటాను. కిటికీ అవతల వసారాలో కూర్చుని, గొంతు వినబడితే దగ్గుతానని నాయనతో ఒప్పందం చేసుకున్నాడు. "ఒక్కతూరి గూడా దగ్గే పని పళ్ళేదు తల్లీ. లోపల ఉన్నాడా, లేచిపోయినాడా అని నాకే దిగులైంది" అని తర్వాత చెప్పాడు.

ఫలితాలు పేపర్లో నంబర్లుగా వేసేవాళ్ళు. పేపరు మధ్యాహ్నం బస్సుకు వచ్చేది. ఆ రోజు నాయన బస్టాండులో పేపరు విప్పలేదు, మడిచి చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. అరుగు మీద కూర్చుని విప్పాడు. అమ్మ గడపలో, నేను స్తంభం దగ్గర. ఎదురింటి వాళ్ళు కూడా చెవులు ఇటే పెట్టారు, ఎట్లాగూ గొంతెత్తి చదువుతాడు కదా అని. నాయన నోట్లోంచి ఒక్క అక్షరం రాలేదు. పెదవి కూడా కదల్లేదు. ఆ మనిషి ముందర అక్షరాలుండగా అంత నిశ్శబ్దం నేను పుట్టి ఎరగను.

అమ్మకు అర్థమైపోయింది. "పోయిందా?" అని అడిగి, జవాబు రాకపోయేసరికి గడప మీద చతికిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "పోతే పోయింది లెండి. జమ్మలమడుగు మనల్ని వద్దంటాదా" అంది. నేను వెనక నుంచి పోయి ఆయన భుజం మీదుగా తొంగిచూశాను. నాయన చూపుడువేలు ఒక నంబరు కింద ఉంది. అది ఆయన నంబరే. "నాయనా, నోరు తెరిచి చెప్పు, అమ్మ ఏడుస్తాంది!" అని అరిచాను.

నాయన తలెత్తి చూశాడు. కళ్ళనిండా నీళ్ళు, ముఖమంతా నవ్వు.

"రవ్వంతసేపు ఉండు తల్లీ. మనసులో చదువుకుంటాండా. ఇదీ బాగుంది" అన్నాడు.

రిటైరయ్యే వరకు ఆయన ఆ బళ్ళో తెలుగు చెప్పాడు. ఆయన గొంతెత్తితే పక్క తరగతిలో లెక్కలు ఆగిపోయేవని చెప్పుకునేవాళ్ళు. ఆయన దగ్గర చదివినవాళ్ళు ఇప్పటికీ ఎక్కడో ఒకచోట తగిలి, మీరు మా అయివారి కూతురు కదా అంటారు. ఆ మాట విన్న రోజంతా నేను కొంచెం ఎత్తుగా నడుస్తాను, గర్వం కాకపోతే ఏమిటి. ఆ మధ్యాహ్నం ఆయన అడిగిన రవ్వంతసేపు ఎంతసేపు అయిందో మాలో ఎవరమూ చూసుకోలేదు. అరవై ఏళ్ళు దాటాయి, నా కళ్ళముందు ఆయన పేపరు మీద వేలు పెట్టి ఇంకా అలాగే కూర్చున్నాడు, నేను భుజం మీదుగా చూస్తూనే ఉన్నాను.