మా మామ మార్చిన వేట కట్టు

మా మామ దుప్పిని చూడకుండానే దాని వయసు చెప్పేవాడు. అది కొమ్ము రుద్దిన చెట్టు దగ్గర నిలబడి, బెరడు లేచిన చోటు ఎంత ఎత్తులో ఉందో జానలతో కొలిచి, "ఇది పిల్లకాయ. ఇంగా మీసం కూడా రాలే" అనేవాడు.

నేను కోడలిగా వచ్చేనాటికి మా పల్లెలో వేట ఇంకా ఉండేది. తిరుపతికి పడమటగా, చేలు ఆగిపోయి అడవి మొదలయ్యే చోట ఉంటుంది మా ఊరు. వేటాడడం నేరమనే చట్టం అప్పటికే ఉందట. ఆ సంగతి మా దాకా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. మాకు తెలిసిన చట్టమల్లా ఊరి కట్టు. ఆడ దుప్పిని కొట్టకూడదు. పిల్లను కొట్టకూడదు. కొమ్ము మీద నూగుతోలు రాలని దాన్ని కొట్టకూడదు. ఒక్కో కొమ్ముకు మూడేసి పంగలు చీలి, బాగా ముదిరిన పోతునే కొట్టాలి. తల్లినీ పిల్లనీ వదిలేస్తున్నాము కదా, ఇంతకన్నా ధర్మం ఏముందని అందరూ అనుకునేవాళ్ళు. నేనూ అనుకున్నాను.

ఒక ఎండాకాలం మా మామ వాగులో నీళ్ళున్న చెలమ దగ్గర మూడు నాలుగు రోజులు మాటు వేసి, ఏమీ కొట్టకుండా వచ్చాడు. అన్నం ముందు కూర్చుని కలపకుండా ఉండిపోయాడు. మరునాడు ఊళ్ళో మగవాళ్ళను మా వాకిట్లోకి పిలిచాడు.

"మందలో పెద్దోడు ఒక్కడూ లేడబ్బా. అంతా పంగలు చీలని ఒంటికొమ్ము నాయాళ్ళే. ఊరికే కుమ్ముకుంటా, ఆడవాట్ని తరుముకుంటా ఉండాయి. ఒగ కాలమని లేకుండా ఎప్పుడంటే అప్పుడు ఈనతా ఉండాయి. ఎండల్లో పుట్టిన పిల్లలు పాలు లేక సస్తా ఉండాయి. ముసిలోళ్ళంతా పోయి పిల్లకాయలే మిగిలితే ఊరు ఎట్లుంటాది? అడివీ అట్లే ఉండాది. మనమే చేసినాము."

ఆ రోజు ఆయన కట్టు మార్చాడు. మూడు పంగల పోతును ఇకమీదట ఎవరూ ముట్టకూడదు. కొట్టక తప్పనప్పుడు ఒంటికొమ్ము వాటిలోనే ఒకటి.

"ఏమప్పా, ఒంటికొమ్ము దాంట్లో ఏముంటాది? ఎముకలు నాకేదా?" అన్నాడు ఒకాయన.

"నాకు. నీ మనవడు తింటాడులే."

"నా కొడుక్కే ఇంగా పిల్లనియ్యలే ఎవురూ. మనవడంట, మనవడు!"

అందరూ నవ్వారు. మామ నవ్వలేదు. తాను అంతకు ముందటి ఏడాది కొట్టిన పోతు మూడు పంగల కొమ్ములను, పుర్రె ముక్కతో సహా, నట్టింటి గోడకు మేకు కొట్టి తగిలించాడు. "దీంతో సరి" అన్నాడు.

కట్టు నిలిచింది. గొణుగుతూనే అందరూ పాటించారు. కొన్నేళ్ళకు మందలో మళ్ళీ పెద్ద కొమ్ములు కనిపించాయి. ఆ తరువాత అటవీశాఖ వాళ్ళ తిరుగుడు ఎక్కువైంది. వేట మానేశారు. మామ పోయాడు. మా ఆయన ఆ తరువాత దేన్నీ కొట్టలేదు. ఏటా రాలిపోయే కొమ్ములు అడవిలో దొరికితే మాత్రం తెచ్చేవాడు. అట్లా తెచ్చినవి రెండు, మామ తగిలించిన వాటి పక్కనే ఉండేవి. ఒకదానికి తువాలు వేసేవాడు. ఇంకొకటి తలనొప్పి వస్తే సానరాయి మీద అరగదీసి పట్టు వేసుకోవడానికి. ఇంట్లో కొమ్ము ఉండడమే నేరమని మాలో ఎవరికీ తెలియదు.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. అంగన్‌వాడీ టీచరమ్మ మధ్యాహ్నాలు పిల్లలు పడుకున్నాక మా నలుగురు ఆడవాళ్ళను కూర్చోబెట్టి నేర్పింది. బస్సు మీద చిత్తూరు అని నాకు నేనే చదువుకుని ఎక్కిన రోజు, మా ఆయన ఆ మాట ఊరంతా చెప్పి వచ్చాడు.

నాలుగేళ్ళ కిందట అటవీశాఖ వాళ్ళు మా ఊళ్ళో మీటింగు పెట్టారు. కొందరు కొండ కింద ఉచ్చులు వేస్తున్నారనీ, పెద్ద పోతులు పోతే మంద చెడిపోతుందనీ, మందలో అన్ని వయసులవీ ఉండాలనీ ఒక చిన్న వయసు ఆఫీసరు చెప్పాడు. మా ఆయన లేచి నిలబడ్డాడు.

"ఈ మాట మా నాయన ఎప్పుడో చెప్పినాడు సార్."

కట్టు ఏమిటో, ఎందుకు మార్చారో అంతా చెప్పాడు. ఆఫీసరు శ్రద్ధగా విన్నాడు, రాసుకున్నాడు కూడా. నాకు గర్వంగా అనిపించింది.

ఆ తరువాత నెల తిరగకుండానే మా చేను దాటిన చోట తీగ ఉచ్చులో ఒక పెద్ద పోతు చచ్చి ఉంది. ఎవరు వేశారో ఈనాటికీ తెలియదు. కొమ్ముల గురించి అంత వివరంగా మాట్లాడిన మనిషి అటవీశాఖ వాళ్ళకు గుర్తున్నాడు. పొద్దున పదిగంటలప్పుడు వచ్చారు. గోడ చూశారు.

"యాడివయ్యా ఇవి?"

"అడివిలో ఏరినవి సార్. ఏటేటా రాలిపోతాయి గదా."

వచ్చినవాళ్ళలో పెద్దాయన ఒక్కొక్కటీ తీసి మొదలు చూశాడు. రాలిన కొమ్ముకు మొదలు గుండ్రంగా ఉంటుంది. మామ తగిలించిన వాటికి పుర్రె ముక్క ఉంది. మా ఆయన నా వైపు చూశాడు.

"అదీ ఏరిందే సార్" అన్నాను నేను.

వాంగ్మూలం రాయాలని వాళ్ళలో ఒకాయన కాగితం తీశాడు. మా ఆయన అడ్డం వచ్చాడు. "మా ఇంట్లోనే రాసే మనిషి ఉండాది సార్. మే, రా, నువ్వు రాయి."

చేట బోర్లించి, దాని మీద కాగితం పెట్టుకుని రాశాను. *ఈ కొమ్ములన్నీ నా భర్త అడవిలో ఏరినవి.* అంతే. చాలాసేపు పట్టింది. కాగితం తీసినాయన దాన్ని తీసుకుని చదివాడు. మళ్ళీ చదివాడు.

"నువ్వే రాసినావా అమ్మా?"

"నేనే సార్."

"బాగా రాసినావు."

మా ఆయన వేలిముద్ర వేశాడు. కొమ్ములతో పాటు ఆయన్నూ జీపు ఎక్కించుకుని పోయారు.

చిత్తూరులో వకీలు ఆ కాగితం నకలు నా ముందు పెట్టి అడిగాడు. "ఏమ్మా, ఏసినవి అని రాసిచ్చినావే?"

"ఏరినవి అయ్యా."

"సూడు నువ్వే."

చూశాను. ర ఒక్క చుట్టు. స కు ఇంకో వంపు ఉంటుంది. అన్నీ ఏరినవి కావని నాకు తెలుసు. ఆ మాట దగ్గర నా చేయి ఆగి మళ్ళీ కదిలినట్టుంది, రి కావలసింది సి అయింది. మా వైపు ఏసినాడంటే కొట్టి పడేశాడని. ఈ కొమ్ములన్నీ నా భర్త అడవిలో ఏసినవి. నా చేత్తో రాసి, ఆయన వేలు పెట్టించాను.

బెయిలు మీద బయటికి వచ్చిన మా ఆయన పక్కనే నిలబడి విన్నాడు. "వేలు పెట్టింది నేను గదా మే. నువ్వేం చేస్తావు" అన్నాడు.

కోర్టులో అవతలి వకీలు నన్ను చదువు వచ్చా అని అడిగాడు. రాదంటే రాసింది ఎవరంటారు. వచ్చునన్నాను. అయితే ఇది చదవమన్నాడు. అందరి ముందు, నేను రాసింది రాసినట్టే చదివాను. అక్షరం తప్పిందని చెప్పబోతే, పుర్రె ముక్క ఉన్న కొమ్ములు చూపించి ఇవి కూడా ఏరినవేనా అన్నాడు. అవి మా మామవి అని చెప్పడానికి నోరు రాలేదు. ఏరిందే అని అప్పటికే చెప్పి ఉన్నాను.

ఉచ్చు సంగతి రుజువు కాలేదు. కొమ్ములున్నందుకే జైలు శిక్ష వేశారు. రెండు వేరుశనగ పంటలు నేనొక్కదాన్నే వేసి, నేనొక్కదాన్నే పీకించాను. ఆయన వచ్చేసరికి చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. అడవి వైపు వెళ్ళడం మానేశాడు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు.

పోయిన నెల దుప్పులు మేసిన చేనుకు పరిహారం అడుగుతూ పెట్టే కాగితం వచ్చింది. నేను గడపలో కూర్చుని పాత పేపరు చదువుకుంటున్నాను. ఆయన కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని నన్ను దాటుకుని పోయాడు.

"యాడికి?"

"ఊరికే. ఈడికే."

అంగన్‌వాడీ మా ఇంటికి ఎదురుగానే. టీచరమ్మ చదువుతుంటే ఆయన అక్షరం రాని వేలితో వరస వెంట పోతున్నాడు. అయిపోయాక, మొదటి నుంచి ఇంకొకసారి చదవమన్నాడు. అప్పుడు వేలిముద్ర వేశాడు. ఇంటికి వచ్చి, తలకు వేలు తుడుచుకుంటూ, అన్నం పెట్టమన్నాడు.