కారు లాగడం లేదు

మేడ్చల్ రోడ్డు మీద లారీని దాటబోయి దాటలేక వెనక్కి తగ్గిన రోజు నాకు ముందు భయం వేయలేదు, కోపం వచ్చింది. పేరుకి టర్బో ఉన్న డీజిల్ బండి. ఆక్సిలరేటర్ అడుగంటా తొక్కితే వెనక నల్లపొగ వచ్చింది గానీ వేగం మాత్రం రాలేదు. లారీ క్లీనర్ తల బయటపెట్టి, "నెమ్మదిగా రా తాతా" అన్నట్టు చెయ్యి ఊపాడు. తాతేమిటి, వీడి మొహం! ఆ మాటే అందామని పక్కకు తిరిగాను. పక్క సీట్లో ఎవరూ లేరని అప్పుడు గుర్తొచ్చింది.

మా ఆవిడ పోయి అప్పటికింకా ఏడాది తిరగలేదు. మాకు పిల్లల్లేరు. బన్సీలాల్‌పేట్‌లో ఓ ఫ్లాటు, కింద సెల్లార్‌లో ఈ కారు. పొద్దున కాఫీ తాగేసరికల్లా ఇల్లు మింగడానికి వచ్చినట్టుండేది. అందుకని పనేం లేకపోయినా కారు తీసేవాణ్ణి. కార్లో అంత ఒంటరిగా అనిపించదు. ఆవిడ పొట్టి మనిషి, పక్క సీటు బాగా ముందుకు జరుపుకునేది. అది అలాగే ఉంది. డాష్‌బోర్డు అరలో ఆవిడ సోంపు డబ్బా ఉంది. అప్పుడప్పుడూ ఆ సీటుతో మాట్లాడతాను. బయటివాళ్ళకు ఫోన్ మాట్లాడుతున్నట్టే కనిపిస్తుంది కాబట్టి ఈ రోజుల్లో పిచ్చివాడనిపించుకునే బాధ లేదు.

కారు లాగడం లేదని నోరుజారి మా బావమరిదితో అన్నాను. అతను బోయిగూడలో ఆవిడ పుట్టింట్లోనే ఉంటాడు, మంచివాడు. కానీ మంచివాళ్ళకు తొందరెక్కువ.

"ఒక్కనికి గంత పెద్ద బండెందుకు బావా? రిపేర్లని తక్లీఫ్ పడుడెందుకు? అమ్మేద్దాం. నాకు తెలిసినాయన ఒకాయన తీస్కుంటనంటుండు. యాడికన్న పోవాలంటే నేన్లేనా?"

నా మంచికే అన్నాడు. కానీ ఆ కారు పోతే ఆవిడతో కలిసి కూర్చునే చోటు ఇంకెక్కడా లేదని అతనికెలా చెప్పను? ముందు బాగుచేయించి అప్పుడు చూద్దాంలే అన్నాను.

రాంగోపాల్‌పేట్‌లో మేం ఎప్పుడూ వెళ్ళే షెడ్డుకి తీసుకెళ్ళాను. మెకానిక్ స్టీరింగ్ కింద ఏదో మిషన్ తగిలించి చూశాడు. ఇంజను అడుగుతున్న గాలి ఒకటి, అందుతున్నది అందులో సగం. బూస్ట్ రావట్లేదన్నాడు.

"టర్బో ఖతమైనట్టే సార్. పరేషాన్ గాకుండ్రి, కొత్తది ఏద్దాం. లేకుంటే గిట్లనే అమ్మెయ్యుండ్రి."

వీడూ అమ్మెయ్యమనే! అందరూ కూడబలుక్కున్నారేమో అనిపించింది. వద్దని బండి వెనక్కి తిప్పాను.

నేను రాణీగంజ్‌లో ముప్పావు జీవితం నీళ్ళ పంపులు అమ్మినవాణ్ణి. మోటారు నీళ్ళెత్తడం లేదని వచ్చినవాళ్ళలో సగం మందికి మోటారు బాగానే ఉండేది. ఎక్కడో గొట్టం అతుకు దగ్గర గాలి పోతుండేది. టర్బో కూడా నా దృష్టిలో పొయ్యి దగ్గరి ఊదుగొట్టం లాంటిదే. ఇంజను వదిలిన పొగతోనే ఓ పంకా తిరిగి, ఇంజనులోకే మరింత గాలి ఊదుతుంది. ఊదేవాడు చచ్చాడని తేల్చేముందు గొట్టం చూడొద్దూ?

అలా మొదలైంది. పొద్దున్నే సెల్లార్‌కి దిగేవాణ్ణి. ఎయిర్ ఫిల్టర్ తీసి దులిపాను. టర్బో నుంచి ఇంజనుకి వచ్చే రబ్బరు గొట్టాలన్నిటికీ సబ్బునీళ్ళు పూసి, వాచ్‌మన్‌ని లోపల కూర్చోబెట్టి రేజ్ చేయమన్నాను. ఎక్కడా బుడగ రాలేదు. క్లిప్పులన్నీ బిగించాను. బండి మాత్రం మొండికేసింది. నిజం చెప్పాలంటే అన్నాళ్ళలో నాకు బాగున్నది అప్పుడే. పొద్దున లేవడానికి ఓ పనుంది. మధ్యాహ్నం చేతులు కడుక్కుంటే నల్లటి నీళ్ళు పోయేవి. ఆకలేసేది.

ఇక మిగిలింది ఒక్కటే. టర్బో పక్కన చిన్న డబ్బీ, అందులోంచి వేలెడు కడ్డీ ఉంటాయి. డబ్బీలో గాలి పీలిస్తే కడ్డీ లోపలికి జరగాలి. అది పూర్తిగా జరిగితేనే టర్బో గట్టిగా ఊదుతుంది. పీల్చి చూడ్డానికి ప్రత్యేకంగా పంపు అమ్ముతారట. నాకు అక్కర్లేకపోయింది. ఆవిడ చివర్లో నోటితో తినలేనప్పుడు గొట్టంలో పాలు పోసిన పెద్ద సిరంజి బీరువాలోనే ఉంది. పారేయడానికి చేతులు రాలేదు. దానికి సన్న పైపు తొడిగి, డబ్బీకి తగిలించి పీల్చాను. కడ్డీ కొంచెం కదిలి టక్కున ఆగింది. మళ్ళీ పీల్చాను. మళ్ళీ అక్కడే ఆగింది. ఏదో అడ్డం ఉంది.

టర్బో వేడికి అడ్డంగా పెట్టిన రేకు వెనక్కి చెయ్యి దూర్చాను. నూనె పట్టి బిరుసెక్కిన దారం తగిలింది. దాని చివర, కడ్డీకీ పక్కనున్న బిళ్ళకీ మధ్య ఇరుక్కుని, రాయిలా గట్టిగా, గణుపులు గణుపులుగా ఏదో ఉంది. ఫోన్ లైటు వేయకముందే వేళ్ళకు అర్థమైంది. పసుపు కొమ్ము.

దసరాకి ఆయుధపూజ మా ఇంట్లో ఆవిడ శాఖ. మా కోస్తా వైపు బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి చేతులు దులుపుకుంటాం. ఆవిడకు అది చాలదు. పసుపు దారానికి కొమ్ము కట్టి, ఆ రక్ష ప్రతి వస్తువుకీ కట్టాలి. అదీ కదిలే చోటే కట్టాలి. కుట్టుమిషన్‌కి చక్రానికి, నా పాత స్కూటరుకి కిక్ రాడ్‌కి. బానెట్ కొక్కేనికి కడితే సరిపోదా అని వెక్కిరిస్తే, "కదిలేదానికే కట్టాలె. ఊకె కూసున్నదానికి రక్షెందుకు?" అనేది.

మొన్నటి దసరాకి నన్ను లోపల కూర్చోబెట్టి, ఒక్కసారి స్టార్ట్ చేసి ఆపమంది. లేచిన బానెట్ అడ్డం వల్ల ఆవిడ కనపడలేదు, గాజుల చప్పుడే వినపడింది. "ఆఁ, దొరికింది. గీ పుల్ల కదిలింది" అంది. ఏ పుల్లో నేను అడగలేదు. స్టార్ట్ చేసినప్పుడు కదిలేది ఈ కడ్డీయే. ఆపగానే సన్నటి చెయ్యి దూర్చి కట్టేసింది.

ఆ తర్వాత పదిరోజులకే మంచాన పడింది. ఇక కారు ఆసుపత్రికీ ఇంటికీ తప్ప తిరగలేదు. గతుకులకి నొప్పి అని నేనూ ఎడ్లబండిలాగే నడిపాను. ఆవిడ పోయాక తిరిగింది కూడా ఊళ్ళో ట్రాఫిక్‌లోనే. టర్బోతో పని పడితే కదా, రోగం బయటపడేది!

సెల్లార్‌లో నేలమీద చతికిలబడి, పొట్ట పట్టుకుని నవ్వాను. ఎందుకంటే ఆవిడకు వేగమంటే ప్రాణభయం. స్పీడోమీటర్ ముల్లు యాభై దాటితే చాలు, "జెర మెల్లగ పోండ్రి, అక్కడెవలన్న పిలుస్తున్నరా?" అని మొదలెట్టేది. ఇన్నేళ్ళు నోటితో ఆపలేకపోయింది, చివరికి పసుపు కొమ్ముతో ఆపింది. తెలిసి చేయలేదు, ఒట్టు. అయినా ఎంత పని చేశావే అని పైకే అన్నాను. నవ్వు ఆగాక చుట్టూ చూస్తే కార్లే ఉన్నాయి. ఈ సంగతి చెబితే నాకంటే ఎక్కువ నవ్వే మనిషి ప్రపంచంలో ఒక్కతే, ఆవిడే. అప్పుడు ఏడ్చాను.

కత్తెరతో కోయబుద్ధి కాలేదు. ముడి గోళ్ళతోనే విప్పాను, పొద్దంతా పట్టింది. ఇవతలికి తీసిన కొమ్ముకి ఓ పక్క కడ్డీ నొక్కిన గాటు పడి ఉంది. దారంతో సహా సోంపు డబ్బా పక్కన పెట్టాను. బావమరిదికి ఫోన్ చేసి బండి బాగైందని, అమ్మనని చెప్పాను. ఏం చెడిందని అడిగితే గొట్టం లీకన్నాను. ఆ నవ్వు అతనితో పంచుకోవాలనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే మేడ్చల్ రోడ్డెక్కాను. కొంపల్లి దాటాక రోడ్డు ఖాళీ అయింది. కాలు నొక్కాను. సన్నగా ఈల వేసి, వెనకనుంచి ఎవరో తోసినట్టు కారు ఒక్క ఊపున పోయింది. ముల్లు యాభై దాటింది, డెబ్భై దాటింది, తొంభై దాటింది. చెవులు రిక్కించుకుని ఉన్నానని నాకే తెలీదు. ఇప్పుడంటుంది, ఇప్పుడంటుంది అని ఎదురుచూస్తున్నాను. టర్బో ఈల తప్ప కార్లో ఏ చప్పుడూ లేదు. ఇంతకాలం ఆ యాసని వెక్కిరించిన నా నోటితోనే, "జెర మెల్లగ పోండ్రి" అన్నాను.

కాలు తీసేశాను. యాభైకి దిగేదాకా ఆగి, ఇంటి దారి పట్టాను.