పురిటి గది వెనక రాతి స్తంభం

నా చిన్నప్పుడు మేము ముక్తేశ్వరం దగ్గర కాలవగట్టు మీద తాటాకింట్లో ఉండేవాళ్ళం. ఇంటి వెనక, గోడకు బాగా దగ్గరగా, ఒక పాత రాతి స్తంభం ఉండేది. తిరగలి రాళ్ళలాంటి గుండ్రటి రాళ్ళను ఒకదాని మీద ఒకటి పేర్చి, చూరు కంటే చాలా ఎత్తుకు నిలబెట్టారు. మధ్యలో సున్నం లేదు, ఇనుము లేదు. ఎవరు పెట్టారో మా తాతలకే తెలియదు. మా ఒండ్రు నేలలో గులకరాయి కూడా దొరకదు కాబట్టి, ఎప్పుడో పడవల మీద వచ్చి ఉంటుందని అనుకునేవారు.

మా తమ్ముడు పుట్టిన మర్నాడు పొద్దున్నే భూమి కదిలింది. గట్టిగా ఏమీ కాదు. ఉట్టి ఊగింది, బిందెలో నీళ్ళు తొణికాయి, అంతే. కానీ పెరట్లో ఉన్న నేను ఆ స్తంభం ఊగడం కళ్ళారా చూశాను. రాళ్ళు ఒకదానితో ఒకటి ఒరుసుకుని గరగరమన్నాయి. ఆగాక చూస్తే నడిమి రాయి ఒకటి వేలెడు పక్కకు జరిగి ఉంది.

ఆ గోడకు ఇవతలే పురిటి గది. పురిటి స్నానం అయ్యేదాకా బాలింత ఆ గడప దాటకూడదని మా వాళ్ళ పట్టు. పట్టు సడలించినా, అమ్మకు లేచి నిలబడే ఓపిక లేదు. స్తంభం ఇటు ఒరిగితే అమ్మా, పసివాడూ దాని కిందే. నేను ఇంట్లోకి వెళ్ళడం మానేసి వీధి అరుగు మీదే కూర్చున్నాను. అమ్మ లోపలి నుంచి నీరసంగా పిలిచినా కదల్లేదు.

నాన్నా, ఇరుగుపొరుగు మగవాళ్ళూ కలిసి లావుపాటి కొబ్బరి తాళ్ళు తెచ్చారు. స్తంభం నెత్తిన చుట్టి, అటూ ఇటూ ఉన్న కొబ్బరిచెట్లకు బిగించి కట్టారు. పడవైనా, గేదైనా, పందిరైనా కొబ్బరిచెట్టుకు కట్టేస్తే ఇక దిగుల్లేదనేది మా వైపు వాళ్ళ నమ్మకం. అందరి మనసూ కుదుటపడింది.

మధ్యాహ్నానికి మా మేనత్త జొన్నాడ నుంచి పురిటి సాయానికి వచ్చింది. నాన్నకు అక్క, మాట కరుకు. సంచి దించి నేరుగా పెరట్లోకి వెళ్ళింది. అప్పుడే కాలవ మీదుగా గాలి లేచింది. చెట్లు ఊగాయి, తాళ్ళు బిగిశాయి, స్తంభం పై రాయి ఎవరో లాగినట్టు కొద్దిగా జరిగింది.

“ఒరేయ్ తమ్ముడూ, ఎవడ్రా దీన్ని చెట్టుకి కట్టింది?”

“పడిపోద్దని మేమే కట్టేం అక్కా.”

“భూమి ఎప్పుడో ఓసారి ఊపుద్ది. నీ కొబ్బరిచెట్టు రోజూ ఊపుద్ది. ఇన్నేళ్ళూ దాని మానాన అది నిలబడితే, ఇప్పుడు నువ్వు పడగొడతావా?”

పక్కింటి పెద్దాయన నసిగాడు. “విప్పేక పడితే పూచీ ఎవరిదండీ?”

“నాదేనండి. ఆయ్, విప్పించండి.”

తాళ్ళు విప్పారు గాని ఎవరి మొహంలోనూ నెత్తురు లేదు. నేనైతే అరుగు మీద ముడుచుకుపోయాను. మేనత్త నన్ను బతిమాలలేదు, కసరలేదు. కూరకు తెచ్చిన అరటి దూట, అదే బోదె లోపలి తెల్లటి కాడ, ముందేసుకుని నా పక్కన కూర్చుంది. ఒక ముక్కను అలాగే ఉంచి, అంతే పొడవున్న ఇంకో ముక్కను బిళ్ళలు బిళ్ళలుగా కోసి మళ్ళీ ఒకదాని మీద ఒకటి పేర్చింది. రెండింటినీ పీట మీద నిలబెట్టి పీటను కుదిపింది. నిలువు ముక్క ఊగి ఊగి బోర్లా పడింది. బిళ్ళల దొంతర మాత్రం ఎక్కడికక్కడ కాస్త జరిగి, వంకరటింకరగా నిలిచే ఉంది.

“ఇంకా గట్టిగా ఊపితేనో?” అన్నాను.

ఊపింది. దొంతర కూడా కూలింది.

“పడుద్ది. పడదని నేనెలా చెప్తానే, నేనేమైనా దేవుణ్ణా? మీ నాన్న కట్టిన తాడు కంటే ఇది నయం. నాకు తెలిసింది అంతే.” అని, అరుగు మీద పడ్డ బిళ్ళలన్నీ ఏరి, కడిగి, కూర వండేసింది.

ఆ తర్వాత తన చాప తీసుకుని పురిటి గదిలోకి వెళ్ళింది. అమ్మ మంచానికీ వెనక గోడకూ మధ్య ఉన్న సందులో, సరిగ్గా స్తంభం వైపున, పరుచుకుని నడుం వాల్చింది. “నువ్వు అటేపు పడుకోవే అమ్మడూ, మీ అమ్మకి చెయ్యందేలా” అంది. నేను లోపలికి వెళ్ళాను. అమ్మ నా జుట్టులో వేళ్ళు పెట్టి కళ్ళు మూసుకుంది.

పురుడు గడవకముందే ఒక మధ్యాహ్నం భూమి మళ్ళీ కదిలింది. గోడ అవతల గరగరమని చప్పుడు మొదలైంది. మేనత్త లేవలేదు. ఒక చెయ్యి మంచం మీదుగా పసివాడి మీద వేసి, వీపు గోడకే ఆనించి ఉండిపోయింది. చప్పుడు ఆగాక పెరట్లోకి పరుగెత్తితే, ఇంకో రాయి పక్కకు జరిగి, ముసలివాళ్ళ నడుంలా వంగి, స్తంభం నిలిచే ఉంది.

నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. ఈమధ్య మా మనవరాలు చదివి చెప్పింది: పేర్చిన రాళ్ళ స్తంభాలు చాలా దేశాల్లో అలాగే భూకంపాలకు ఊగి, జరిగి, నిలబడ్డాయట. సిమెంటు పోసి, ఇనుము వేసి బిగించిన చోట కొన్నిసార్లు రాయే పగిలిందట. మా మేనత్తకు ఇవేవీ తెలియవు. పెద్ద కుదుపు వస్తే ఏమయ్యేదో నాకూ తెలియదు.

నా పిల్లలూ, వాళ్ళ పిల్లలూ నన్ను కరుకు మనిషినంటారు. తాము దేనికైనా జడిస్తే “ఏం కాదులే” అని ఒక్క మాటైనా అననని దెప్పుతారు. నిజమే, తెలియని దానికి నేను మాట ఇవ్వను. తుపాను గాలికి కిటికీ రెక్కలు కొట్టుకుంటుంటే, పిల్లలను అటు జరగమని, కిటికీ వైపు నేను పడుకుంటాను.