మొహాలు పోగొట్టుకున్న బార్బరు

మా వీధి బార్బరు బల్బు మార్చబోయి స్టూలు మీంచి వెల్లకిలా పడ్డాడు. తల నేలకి కొట్టుకుంది. ఆసుపత్రిలో కళ్ళు తెరిచి, మంచం పక్కన ఏడుస్తున్న పెళ్ళాన్ని చూసి, "మీవాళ్ళకేమైందమ్మా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు.

"మావాళ్ళేమిటి, నీ మొహం! నేను నీ పెళ్ళాన్ని!"

ఆ గొంతు వినగానే, "నువ్వా!" అని ఊపిరి పీల్చుకున్నాడు.

డాక్టరమ్మ ఫోటోలు చూపించింది. కళ్ళు, ముక్కు, మీసం అన్నీ చెప్పాడు గానీ, మనిషెవరో చెప్పలేకపోయాడు. ఆఖరికి అతని ఫోటోనే చూపిస్తే, "ఎవరో పాపం, మీసం వంకరగా కత్తిరించారు," అన్నాడు.

"చూపు బాగానే ఉంది. మెదడులో మొహాలు పోల్చుకునే చోట దెబ్బ తగిలింది. ఇలాంటివాళ్ళ గురించి పాతకాలం వైద్యులు కూడా రాశారు. తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు," అంది డాక్టరమ్మ.

తగ్గలేదు. అయినా షాపు తెరిచాడు. మొదట్లో అద్దంలో కనబడ్డ తనకే, "కూర్చోండి, వచ్చేస్తున్నా," అని చెప్పేవాడు. గుమ్మంలోనే పలకరించి లోపలికి రమ్మని పెళ్ళాం వీధిలో అందరికీ చెప్పి పెట్టింది.

బావమరిదితో అతనికి ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఓ పెళ్ళి ఫోటోలో ముందు వరసలో ఎవరు నిలబడాలన్న దగ్గర చెడింది. ఇదంతా నాటకమేమో తేల్చుకుందామని బావమరిది ఓ రోజు వచ్చి, నోరు మెదపకుండా కుర్చీలో కూర్చున్నాడు. బార్బరు నురగ పూసి, కబుర్లలో పడ్డాడు.

"నాకో బావమరిది ఉన్నాడు లెండి. ఒట్టి తిక్క మనిషి. ఆసుపత్రికొచ్చి తొంగి కూడా చూడలేదు." కత్తి గొంతు దగ్గరికి వచ్చింది. "కానీ వాడు నవ్విస్తే పొట్ట చెక్కలయ్యేదండీ. ఇప్పుడు ఎదురొచ్చినా వాణ్ణి పోల్చుకోలేను. అదే నా బాధ."

బావమరిది ఉండబట్టలేకపోయాడు. "వచ్చాను బావా!"

కత్తి ఆగింది. ఆగింది గొంతు మీదే కాబట్టి బావమరిది గుటక కూడా వేయలేదు. కత్తి పక్కకి తీశాకే మిగతాది చెప్పాడు.

"ఆసుపత్రికీ వచ్చాను. నేను నోరు తెరిచేలోపే వార్డు బాయ్ అనుకుని మంచినీళ్ళు తెమ్మన్నావు. కావాలనే అవమానించావనుకుని, నీళ్ళిచ్చి వెళ్ళిపోయాను."

బార్బరు ఆ మొహంలోకి చాలాసేపు చూశాడు. ఏమీ గుర్తు రాలేదు. కళ్ళు మాత్రం చెమర్చాయి.

"కదలకురా, ఒక చెంపే అయింది," అన్నాడు.

చెమర్చిన కళ్ళకి సరిగ్గా ఆనక చిన్న గాటు పడింది. బావమరిది పెట్టిన కేకకి వెనక గదిలోంచి అక్క పరిగెత్తుకొచ్చింది. తమ్ముడి సగం గడ్డం, నెత్తురు, మొగుడి చేతిలో కత్తి చూసి, "అయ్యో, చంపేశాడు!" అని గోల పెట్టింది. ఆమెని ఊరుకోబెట్టడానికి ఇద్దరూ కలిసి నవ్వాల్సి వచ్చింది.

ఆ తర్వాత బావమరిది గడ్డం పెరిగినా పెరగకపోయినా రోజూ వచ్చి కూర్చునేవాడు.