సాంచా మీద చంద్రుడు

కరీంనగర్ బస్టాండ్ ముంగట ఏదో కాలేజీ హోర్డింగ్ పెట్టిండ్రు. దాని నిండా గుంతలు గుంతల చంద్రుని ఫోటో. చూసినకాంచి నా పానం నిమ్మలం లేదు.

యాదికుందా దోస్తులూ, వానకాలం మన ఇండ్లల్ల పాత ఫ్లెక్సీలు కట్టేటోళ్లు? మా బాపు తెచ్చినదాంట్ల గిసొంటి చంద్రుడే ఉండె. కారే పెంకుల కింద, బట్ట నేసే సాంచా మీద కట్టిండు. వాన పడితే నీళ్లు నిండి చంద్రుడు కిందికి ఉబ్బేటోడు. పలిగితే నేసిన బట్టంత ఖరాబు.

"కట్టె తేవే, చంద్రుడు ఉబ్బిండు!" అని అవ్వ ఒర్రేది. నేను ఉరికొచ్చి కింది నుంచి పొడిచి, నీళ్లు వాకిట్లకు నూకేదాన్ని.

గిప్పుడు మాది స్లాబ్ ఇల్లు, సాంచా ఎప్పుడో అమ్మినం. అయినా మబ్బు పట్టింది, గాలికి హోర్డింగ్ మీద చంద్రుడు ఉబ్బుతుండు. నా బస్సు వచ్చి పోయింది. నేను ఇంకా గీడనే నిలబడి కట్టె కోసం అటిటు దేవులాడుతున్న.