తప్పంతా మెహందీదే అనుకున్నాం

స్కూళ్ళు మళ్ళీ తెరిచిన కొన్నాళ్ళకి, ఒక ఉదయం బస్సు మెట్లెక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది. నేను అబుదాబిలో, బనియాస్ దగ్గర ఒక స్కూలు బస్సులో ఆయాని. పిల్లల్ని ఎక్కించడం, బెల్టు పెట్టడం, దించడం నా పని.

"ఏం మే, రొప్పుతా ఉండావు?" అన్నాడు డ్రైవర్ సీట్లోంచి ఖాదర్. ఆయన నా మొగుడే. మాది నెల్లూరు, ఇద్దరికీ ఒకే బస్సు.

"మాస్కు మీద మాస్కు వేస్తే రొప్పరా? నువ్వు ముందు చూసి నడుపు" అన్నాను.

కరోనా వల్ల నెలల తరబడి స్కూళ్ళు మూసేశారు. పిల్లలు ఫోన్లలో చదువుకున్నారు, మేం రూములో గోడలు చూస్తూ కూర్చున్నాం. తెరుస్తున్నారని తెలియగానే సంతోషం పట్టలేక రెండు చేతులకీ నల్ల మెహందీ కోన్ పెట్టించుకున్నాను. ఇక్కడి తీరులో, వేళ్ళ చివర్లు గోళ్ళతో సహా నల్లగా ముంచేసి. పండక్కి పెట్టుకోవాల్సింది స్కూలుకి పెట్టుకున్నావని ఖాదర్ నవ్వాడు. కేజీ పిల్లలు మాత్రం నా చేతులు వదిలితేగా! ముట్టుకోకండర్రా అన్నా వినలేదు.

గేటు దగ్గర రోజూ టెంపరేచర్ గన్ పెడితే నార్మలే. జ్వరం లేదు, వాసన పోలేదు. ఆయాసం ఒక్కటే. స్టాఫుకి మామూలుగా చేసే కరోనా పీసీఆర్ టెస్టులో నాకు పాజిటివ్ వచ్చింది, ఖాదర్‌కి కూడా. మా బస్సు పిల్లలందర్నీ ఇళ్ళకి పంపేసి టెస్టులు చేయించమన్నారు. ఆ మాట వినగానే నా చేతులకేసి చూసుకున్నాను. ఈ చేతులతోనే కదా వాళ్ళకి బెల్టులు పెట్టింది! యా అల్లా, ఒక్క బిడ్డకీ రాకూడదు అని ఏడ్చాను.

మైల్డ్ కేసులు, రూములోనే ఐసోలేషన్ అన్నారు. ఖాదర్ ఫార్మసీ నుంచి, వేలికి పెట్టి ఒంట్లో ఆక్సిజన్ చూసే ఆక్సిమీటర్ తెప్పించాడు. తొంభై ఐదుకి తగ్గకూడదట. ఆయన వేలికి తొంభై ఎనిమిది. నా వేలికి ఎనభై తొమ్మిది. సంగతి విని పక్క రూములో ఉండే కడప అక్క తలుపు బయటి నుంచే చెప్పింది. "నీ చేతులకి నల్ల మెహందీ ఉంది కదా షమీమ్! దానికి మెషిన్ తప్పు చూపిస్తాది. హాస్పిటల్లో నెయిల్ పాలిష్ కూడా తుడవమంటారు."

ఆమె చెప్పింది అబద్ధం కాదు. అందుకే మా కొంప ముంచింది. ఆ మాటతో ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. నిమ్మచెక్క, ఉప్పు పెట్టి వేళ్ళు మండేదాకా రుద్దాను. రుద్దడానికే ఊపిరి చాలడం లేదు, అయినా రుద్దాను. తొంభై వచ్చింది.

"చూడు, రంగు పోయేకొద్దీ పెరుగుతా ఉండాది" అన్నాడు ఖాదర్.

అసలు సంగతి ఏమిటంటే, మాకు హాస్పిటలంటే హడల్. ఒకరిని తీసుకుపోతే రెండోవారిని చూడనివ్వరు. మా వీధి నుంచి అట్లా పోయిన ఒకాయన తిరిగి రాలేదు. అందుకే నెంబర్ తగ్గినప్పుడల్లా మెహందీని తిట్టి ఊరుకున్నాం.

మర్నాడు మధ్యాహ్నం అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే నమలడానికి ఊపిరి అందలేదు. ఖాదర్ మెషిన్ తీసుకుని నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"ఏందయ్యా, కాళ్ళు పట్టుకుంటా ఉండావు?"

"నోరు ముయ్యి మే. కాళ్ళకి మెహందీ లేదు కదా."

బొటనవేలు మెషిన్‌లో పట్టలేదు, పక్క వేలికి పెట్టాడు. ఎనభై ఆరు. మళ్ళీ పెట్టాడు. ఎనభై ఆరే. "ఖలాస్, ఇంక ఆగేది లేదు" అని అంబులెన్సుకి ఫోన్ చేశాడు.

ఎమర్జెన్సీలో మలయాళీ డాక్టరమ్మ హిందీలో మాట్లాడింది. మెహందీ కథ విని తల పట్టుకుంది. "మెహందీ వల్ల కొంచెం తేడా రావచ్చు. కానీ నీకు రెండు లంగ్స్‌లోనూ న్యుమోనియా ఉందమ్మా. హ్యాపీ హైపాక్సియా అంటారు, ఆక్సిజన్ ఇంత పడిపోయినా మనిషి మాట్లాడుతూనే ఉంటారు." హ్యాపీ అట! ఆ పేరు పెట్టినవాడికి నా ఆయాసం ఇచ్చి చూడాలి.

స్టెరాయిడ్స్ మొదలుపెట్టారు. వాటితో షుగర్ ఆకాశాన్ని అంటింది, ఇన్సులిన్ ఇచ్చారు. కాస్త కుదుటపడ్డాను అనుకునేలోపే మళ్ళీ ఆక్సిజన్ శాచురేషన్ పడిపోయింది. "హై ఫ్లో ఆక్సిజన్ పెడుతున్నాం. దీనికీ పెరగకపోతే వెంటిలేటర్" అంది డాక్టరమ్మ. ఊపిరి బాగా అందాలని నన్ను బోర్లా పడుకోబెట్టారు. చచ్చిపోతానని నిజంగానే భయపడ్డాను.

అట్లా పడుకునే ఉండగా స్కూలు ట్రాన్స్‌పోర్ట్ సూపర్‌వైజర్ ఫోన్ చేస్తే, నర్సు నా చెవి దగ్గర పెట్టింది. "పిల్లలు?" అన్నాను, అంతకు మించి మాట రాలేదు. "అందరికీ నెగటివ్. స్కూలు నడుస్తోంది, నువ్వు త్వరగా రా" అన్నాడు. వెక్కి వెక్కి ఏడ్చాను. ఏడిస్తే ఆక్సిజన్ పడిపోతుందని నర్సు కసిరింది. కసరనీ! ఆ తర్వాత నుంచి మెల్లగా ఫ్లో తగ్గిస్తూ వచ్చారు. వెంటిలేటర్ అవసరం పడలేదు.

ఖాదర్‌కి రూములోనే తగ్గిపోయింది. ఇప్పటికీ అదే స్కూల్లో ఆయాని. షుగర్ మాత్రం నాతోనే ఉండిపోయింది, మాత్రలు మింగుతున్నా. మెట్లు తొందరగా ఎక్కితే ఇంకా రొప్పుతాను, పిల్లలే నాకోసం ఆగుతారు.

నేను చెప్పేది ఒక్కటే. మెషిన్‌లో తక్కువ వస్తే, అది ఎందుకు తప్పో ఇంట్లో కూర్చుని వాదించుకోకండి. ముందు డాక్టర్ దగ్గరికి పోండి. మెషినే తప్పయితే ఏమవుతుంది, మీ భయం చూసి నవ్వుతారు. నవ్వించుకుని ఇంటికి రండి.