పిండం ముట్టిన తెల్లపక్షి

నేను ఈల వేస్తే నాందేడు గోదావరి మీద మూడు వందల సముద్రపు పక్షులు వచ్చి నా నెత్తిన గొడుగు పట్టేవి. సముద్రం ముఖం చూడని ఊళ్లో ఈ మాట ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మీ ఇష్టం.

అవి వచ్చేవన్నది మాత్రం దేవుడి మీద ఒట్టు. హిమాలయాల అవతలి చెరువుల్లో పిల్లల్ని చేసుకుని, చలికాలం సముద్రాలకు దిగుతూ, కొన్ని దారి తప్పినట్టు నదుల వెంట మా దాకా వస్తాయని కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే పంతులు ఒకాయన నా మిక్చరు దుకాణంలో చివడా తింటూ చెప్పాడు. తెల్లటి ఒళ్లు, ఎర్రటి కాళ్లు, కంటి వెనక దిష్టిచుక్క లాంటి నల్లమచ్చ. కనుగుడ్డు కూడా తెలుపే, అదే బాగుండేది కాదు. అవి చేపలు తినేవి, చచ్చినవి తినేవి, అన్నిటికంటే ఇష్టంగా పక్కవాటి నోట్లోది గుంజుకుని తినేవి. కాకుల్ని కూడా వదిలేవి కావు. పొద్దున్నే మంచు నదిని మూసేస్తే పక్షులు కనబడేవి కావు, అరుపు ఒక్కటే వినబడేది. ఎవరో పసిపిల్లను నీళ్ల మీద వదిలేసి పోయినట్టు ఉండేది ఆ అరుపు.

డెబ్బయ్యో దశకం మొదట్లో అలాంటి చలికాలంలోనే మా అన్న పోయాడు. మోంఢా బజారులో ధాన్యం దుకాణం ఆయనది. చివరి రెండు నెలలు డాక్టరు పథ్యం పెట్టించాడు. మూడోనాడు వదిన నన్ను పక్కకు పిలిచి, "ఏదో అడుగుతుండంగనే పోయిండు. నేనియ్యలే. కాకి ముట్టకుంటె ఆ పాపం నాదే, మరిదీ," అంది. ఏమడిగాడో చెప్పలేదు.

పదోనాడు ఘాట్ మీద ఆకులో పిండం పెట్టి అందరం వెనక్కి జరిగాం. గోడ మీద కాకులు వరసగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు, ఒక్కటీ అరవలేదు. కర్మ చేయించే గురూజీ చాలాసేపు చూసి, "కావళా శివత్ నాహీ," అన్నాడు. కాకి ముట్టడం లేదని.

అలాంటప్పుడు మా దగ్గర ఒక్కొక్కరే ముందుకు పోయి, పోయిన మనిషికి పైకే మాట ఇస్తారు. మిగిలిపోయిన కోరికకు తగిన మాట పడితే కాకి దిగుతుంది.

"బాపూ, దుకాణం నేను నడిపిస్త," అన్నాడు పెద్దకొడుకు. కాకి కదలలేదు.

"బావా, భోకర్ కాడి చేను అమ్మనియ్య," అన్నాడు వదిన తమ్ముడు. కదలలేదు.

"బతికినప్పుడు గూడ ఈడు ఒక్క మాటకు ఒప్పుకున్నోడు కాదు," అని గొణిగాడు మా మేనమామ. పైమెట్టు మీద వదిన ముఖం బూడిదరంగుకు తిరిగింది.

అప్పుడు మంచులోంచి ఆ పసిపిల్ల అరుపు వినబడింది. కాకులన్నీ ఒక్కసారే, చప్పుడు లేకుండా లేచిపోయాయి. ఒకే ఒక్క తెల్లపక్షి దిగింది. ఆకు ముందు నిలబడి మా వైపు చూసింది. సగం పిండం అక్కడే మింగింది, మిగతా సగం ముక్కున పట్టుకుని మంచులోకి పోయింది. గురూజీ నోట్లో మంత్రం ఆగిపోయింది.

"గిదేంది?" అన్నాడు వదిన తమ్ముడు. వదిన మెట్టు మీద కూలబడింది.

నా నోరు నన్ను అడగకుండానే లేచింది. "అన్నకు సముద్రం చూడాలనుండె. నాతోని ఎన్నిసార్లు అన్నడో! సముద్రమే అచ్చి ముట్టింది."

అందరూ ఏడ్చారు. గురూజీ ఊపిరి పీల్చుకుని "ఝాలే" అన్నాడు. పని అయిపోయిందని.

ఆ తర్వాత పదిహేనేళ్లు ఈ కథ చెప్పుకుని బతికాను. చెప్పినప్పుడల్లా పక్షులు పెరిగాయి. ఇక అసలు సంగతి. అవి మూడు వందలు కావు, పదకొండు. ఈలకు రాలేదు, డబ్బా చప్పుడుకు వచ్చేవి. డబ్బా అడుగున మిగిలిన శేవ్ చూర, అంటే కారప్పూస పొడి, రోజూ పొద్దున్నే తీసుకుపోయి సరిగ్గా పిండం పెట్టిన ఆ మెట్టు మీదే చల్లేవాణ్ణి. అన్న పోయాక మైలకు నా దుకాణం మూశాను, పది రోజులుగా వాటికి చూర లేదు. ఆకలి మీదున్న పక్షి తన పళ్లెంలో తాను తిన్నది. దాని చేతిలో రోజూ దోపిడీ అయ్యే కాకులు లేచిపోయాయి. అంతే.

ఇది కడుపులోనే పెట్టుకునేవాణ్ణి. కానీ ఇన్నేళ్లకు అన్న పెద్దకొడుకు, బాపు తీరని కోరిక తీర్చాలని వదినకు బొంబాయి టికెట్లు కొన్నాడు. లేని కోరికకు ముసలామె అంత దూరం పోవడం నాకు మింగుడు పడలేదు. ఒక మధ్యాహ్నం నేను పోయేసరికి వదిన ప్రయాణానికి పుంటికూర తొక్కు, అదే గోంగూర పచ్చడి, సీసాలోకి కూరుతోంది. ఎదురుగా కూర్చుని శేవ్ చూరతో సహా అంతా చెప్పేశాను.

చెయ్యి ఆపలేదు. "అయిపోయిందా? మీ అన్న గోదారిల మోకాళ్ల దాక దిగకపోతుండె. ఆయనకేం సముద్రం? అది నీకు గావాలె."

"తెలిసే పోతున్నవా? మరి టికెట్లు?"

"నేను జూడొద్దా?" అంది. తర్వాత సీసా మూత బిగిస్తూ చెప్పింది. "ఆయన అడిగింది ఉప్పు. పుంటికూర తొక్కుల ఇంత ఉప్పేసి పెట్టుమన్నడు. డాక్టరు వద్దన్నడని పెట్టలే. పదకొండోనాడు పొద్దుగాల ఉప్పు దండిగ ఏసి, జొన్నరొట్టె మీద పెట్టి, మిద్దె మీద ఒక్కదాన్నే కూసున్న."

"కాకి అచ్చిందా?"

"ఆ తెల్లదే అచ్చింది. తొక్కంత తిన్నది, రొట్టె ముట్టలే. నా కండ్లల్లకు చూసుకుంట నిలవడ్డది, పోయింది. ఆకలి, చూర అని నాకు చెప్పకు, మరిదీ. మా మిద్దె మీద నువ్వెన్నడు డబ్బా ఊపినవు?"